వేప కాళ్లకు టేకు వేషం

"టేకుకి రంగేమిటే? మతుండే చేస్తున్నావా?"

అమ్మ ఫోను. అప్పటికి నేను డబ్బా మూత కూడా తీయలేదు. బాల్కనీలో బోర్లా పడుకోబెట్టిన డైనింగ్ టేబుల్, దాని పక్కన నెమలికంఠం రంగు ఎనామెల్ డబ్బా, రెండూ కనబడేలా ఒక ఫొటో తీసి ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పావుగంటలో పంచాయితీ ముగిసి తీర్పు కూడా వచ్చేసింది. బాబాయి "పాపం" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. పెద్దత్తయ్య తన పెళ్లినాటి బీరువాకి ఎవరో రంగేయించి ఎలా తగలేశారో మూడు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టింది. మా ఆయన ఏ పక్షమూ కాకుండా తప్పించుకోడానికి ఆ రోజు ఆఫీసుకి అరగంట ముందే బయల్దేరాడు.

చివర్లో అమ్మ, "సరే, నీ ఇష్టం. కొలత ఎంత అది?" అంది. అయిదు బై మూడు అన్నాను. ఎందుకడిగిందో అప్పుడు తట్టలేదు.

వాళ్ల బాధ నాకు అర్థం కాక కాదు. మన ఇళ్లలో టేకు అంటే హోదా. గృహప్రవేశానికి వెళ్లిన పెద్దాయన గుమ్మం దగ్గరే ఆగి, తలుపు మీద వేళ్లతో తట్టి, "టేకేనా?" అని అడిగి గానీ లోపలికి రాడు. అలాంటి చెక్క మీద డబ్బాలోంచి తీసిన రంగు పూస్తే, దాచుకున్న బంగారానికి ఇత్తడి పూత వేసినట్టే వాళ్లకి.

కానీ ఒక మాట. అమ్మ వాళ్లింట్లోనూ టేకు బల్ల ఉంది. దాని పాలిష్ మీద అద్దం. అద్దం మీద గులాబీ పువ్వుల ప్లాస్టిక్ షీటు. కంచం పెట్టే చోట ఆ షీటు మీద మళ్లీ నిన్నటి పేపరు. ఇరవై ఏళ్లలో ఆ టేకు రేఖని కళ్లారా చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారంటే, షీటు చిరిగినప్పుడు మార్చే అమ్మ ఒక్కతే. కనబడని చెక్క మీద ఇంత భక్తి ఏమిటని అడిగితే, "కనబడకపోయినా అది ఉంది కదా" అంటుంది. లాకర్లో నగ గురించీ సరిగ్గా అదే మాట అంటుంది.

ఇక నా బల్ల సంగతి. కొత్తది కొనే స్తోమత లేక కాదు. కొత్త బల్లల్లో సగం చూడ్డానికి చెక్క, లోపల పొట్టు అదిమిన అట్ట. అందుకని రెండు గురువారాలు హైదరాబాదులో పాత సామాన్ల సంత, జుమ్మేరాత్ బజారు, చుట్టాను. ఒక ఇత్తడి దీపపు సెమ్మె, చేతి మిషను తల ఒకటి కొనుక్కొచ్చాను గానీ ఆరుగురు కూర్చునే బల్ల మాత్రం దొరకలేదు. చివరికి ఊళ్లోనే ఒక పాత ఫర్నిచర్ కొట్లో కనబడింది. "పూరా సాగ్వాన్ హై మేడమ్, బర్మా కా" అన్నాడు కొట్టాయన. హైదరాబాదులో పాత సామాను కొట్లో బర్మాది కాని టేకు నాకింతవరకూ కనబడలేదు. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతే ఆపేసిందిగా అంటే, "ఉస్‌సే పహెలే కా హై", అంతకు ముందుదే అని తడుముకోకుండా చెప్పాడు. 6,500 ఇచ్చి ట్రాలీ ఆటోలో వేయించుకొచ్చాను.

పైపలక చూశాను, బరువు చూశాను, అంతే. బోర్లా తిప్పి చూడలేదు. అదే నేను చేసిన తప్పు. బల్ల కొనేటప్పుడు ముందు దాని కింద దూరాలి. అడుగు భాగానికి ఎవడూ పాలిష్ కొట్టడు, చెక్క అసలు మొహం అక్కడే బయటపడుతుంది. పలక అంచు కూడా చూడాలి. పైన కనబడే రేఖలు అంచు దగ్గర మలుపు తిరిగి చివర కోతలోకి దిగితే అది నిండు చెక్క. అంచు దగ్గర టక్కున ఆగిపోయి వేరే పట్టీ మొదలైతే అది వెనీరు, అంటే ప్లైవుడ్ మీద అర మిల్లీమీటరు మందాన అంటించిన టేకు పొర. దాన్ని మిషనుతో సాండింగ్ చేస్తే రెండో నిమిషంలో ప్లైవుడ్ పళ్లికిలిస్తుంది. నా బల్ల పైపలక నిండు చెక్కే, అయిదు పలకలు అతికి చేసింది. అక్కడిదాకా అదృష్టం.

సాండింగ్ మొదలుపెట్టాను. రుద్దే గరుకు కాగితాన్ని నాన్న ఉప్పు కాగితం అనేవారు, ఇప్పుడు కొట్లో ఎమిరీ అంటేనే ఇస్తారు. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. ముందు 80 నంబరు, తర్వాత 120, ఆపైన 180. రేఖ ఎటు పోతే చెయ్యీ అటే పోవాలి. అడ్డంగా రుద్దితే ఆ గీతలు అప్పటికి కనబడవు, చెక్కకి వన్నె పట్టించే స్టెయిన్ పడ్డాక పిల్లి గీరినట్టు లేస్తాయి. పైపలక రుద్దుతుంటే బంగారు రంగు పొట్టు రాలింది, కొత్త తోలు చెప్పుల వాసన వేసింది. టేకు అంటే ఆ వాసనే. మాస్కు వేసుకునే రుద్దాను. చెక్క పొట్టుని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టారని తెలిశాక, ఏ మాస్కూ లేకుండా రోజంతా రుద్దే పాలిష్ కుర్రాళ్ల మెడలో వేలాడే చేతిరుమాళ్లు గుర్తొచ్చాయి.

ఒక కాలు అందుకున్నాను. వాసన లేదు. పొట్టు ఎర్రగా, పొడిపొడిగా రాలుతోంది. రుద్దేకొద్దీ ముదురు గోధుమ రంగు కాగితానికి అంటుకుంటోంది గానీ కింద తేలిన చెక్క ఆ రంగులో లేదు. కాలికి లేతు మీద తిప్పిన గాడులున్నాయి. ఆ గాడుల్లో, గోరు కూడా దూరని చోట, తెల్లటి పెచ్చు ఒకటి. పాత రంగు! అంటే ఈ కాళ్లకి ఎవరో నాకంటే ముందే రంగేశారు, ఆ తర్వాత ఇంకెవరో దాన్ని గీకేసి టేకు రంగు పాలిష్ కొట్టి అమ్మేశారు.

ఆ తెల్ల పెచ్చు చూడగానే పొడి సాండింగ్ ఆపేశాను. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లకి 90 పాళ్లు, మించకూడదని మన దేశంలో నిబంధన వచ్చింది 2016లో, అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందటి డబ్బాలో ఏముందో ఎవరికెరుక? పిల్లలున్న ఇంట్లో ఆ పొడి గాల్లోకి లేపడం మంచిది కాదు. గాడులన్నీ నీళ్లతో తడిపి, నీళ్లకి ఆగే ఎమిరీతో రుద్ది, ఆ బురదని పాత గుడ్డతో తుడిచి కవర్లో కట్టి పారేశాను.

కాళ్లని బిగించే కుసులు వదులై బల్ల ఊగుతుంటే, మా వీధి చివర ఉండే వడ్రంగి మేస్త్రిని పిలిచాను. ఆయన కుసుల్లో ఫెవికాల్ పోసి, సన్నటి చీలికలు దిగ్గొట్టి, లేస్తూ లేస్తూ కాలిని గోరుతో గీరి చూశారు. "పైన టేకేనమ్మా. కాళ్లు వేప. రంగు కొట్టి కలిపేశారు." కోపంగా అనలేదు, మెచ్చుకుంటున్నట్టే అన్నారు. "బాగా కలిపాడు వాడెవడో."

వడ్రంగం తెలిసినవాళ్లకి ఇందులో వింతేమీ లేదు. స్టెయిన్ చేసే పనే అది. రంగైతే చెక్క మీద కూర్చుంటుంది. స్టెయిన్ చెక్క పీచులోకి దిగి రేఖని అలాగే ఉంచుతుంది, వన్నె మాత్రం మారుస్తుంది. పాత పాలిష్ వాళ్లు చాక్‌పొడిలో జేగురు కలిపి చెక్క రంధ్రాల్లోకి రుద్ది, పైన లక్క పాలిష్ పట్టించేవారు. వేప అయినా మద్ది అయినా దూరం నుంచి టేకులానే ఉంటుంది. రబ్బరుచెట్టు చెక్కకి వాల్‌నట్ రంగు పట్టించి అమ్మే కొత్త షోరూముల విద్యకీ దీనికీ పెద్ద తేడా లేదు.

నా వాదన ఇక్కడ మొదలవుతుంది. మా వాళ్ల లెక్కలో స్టెయిన్ గౌరవం, రంగు అవమానం. నాకు తలకిందులుగా కనబడుతోంది. నెమలికంఠం రంగేసిన కాలిని చూసి టేకేమో అని ఎవరూ మోసపోరు. దాని మీద రంగుందని చూడగానే తెలుస్తుంది, కింద ఏముందో అది చెప్పదు, చెప్పినట్టు నటించదు. స్టెయిన్ వేసిన వేప కాలు మాత్రం "నేను టేకుని" అంటోంది. ఆ మాట నమ్మే కదా నేను 6,500 ఇచ్చింది! పోనీ వేప తక్కువదా అంటే అదీ కాదు. చెదలకి లొంగదు, మన పల్లెల్లో గుమ్మాలూ మంచాలూ ఎన్నో దానితోనే చేశారు. ఆంధ్రప్రదేశ్‌కి రాష్ట్ర వృక్షం కూడా అదే. చెట్టుగా దండం పెడతాం, ఉగాది నాడు పువ్వు తింటాం, బల్ల కాలిగా వస్తే మాత్రం టేకు ముసుగు వేస్తే గానీ ఇంట్లోకి రానివ్వం.

"చెక్కకి రంగు మన సంప్రదాయం కాదు" అన్నాడు బాబాయి రెండో రోజు, గ్రూపులోనే. దీనికి మాత్రం నాకు నవ్వొచ్చింది. ఆయన మొన్న శ్రావణ శుక్రవారం పెట్టిన ఫొటో తీసి ఆయనకే పంపాను. వాళ్లింటి గడప. పసుపు పచ్చ ఎనామెల్, మీద ఎర్ర బొట్లు, తెల్ల ముగ్గు గీతలు. ఇంట్లో ఉన్న చెక్కలన్నిట్లోకీ పూజ్యమైంది గడప, దాన్ని తొక్కితే అమ్మమ్మలు తిడతారు. దానికి మనం చేసే మర్యాద రంగు పూయడమే. ఒకప్పుడు వారం వారం పసుపు రాసేవారు, ఇప్పుడు ఓపిక లేక డబ్బా రంగు. గడప టేకు రేఖ కనబడటం లేదని ఏ అత్తగారూ బాధపడగా నేను చూడలేదు.

కొండపల్లి బొమ్మ సంగతేమిటి మరి? తెల్లపొణికి కర్ర చెక్కి, విడి భాగాల్ని చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, ఆపైన రంగులు వేస్తారు. దశావతారాలు వరసగా నిలబెట్టుకుని బొమ్మల కొలువులో హారతిస్తాం, లోపలి పొణికి కనబడలేదని అడగం. ఏటికొప్పాకలో లేతు మీద తిరుగుతున్న అంకుడు కర్రకి రంగు లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. ఆ లక్కనే రంగు లేకుండా స్పిరిట్‌లో కరిగిస్తే మా వాళ్లు ఇంతగా నెత్తిన పెట్టుకునే ఫ్రెంచ్ పాలిష్. లక్కనిచ్చే పురుగు ఒకటే, సరుకు ఒకటే. ఒకటి బొమ్మల అంగట్లో ఉంది, ఇంకోటి హాల్లో ఉంది, అంతే.

బాబాయి దానికి జవాబివ్వలేదు. మేస్త్రి ఇచ్చారు.

"మీరు చెప్పింది బాగానే ఉందమ్మా. కానీ రంగు దెబ్బ తింటే పెచ్చు లేస్తుంది. లక్క పాలిష్ అయితే గుడ్డ ఉండ చుట్టి రెండు చేతులు తిప్పితే పాతదీ కొత్తదీ కలిసిపోతాయి. రంగుకి అతుకు కనబడుద్ది." ఇది నూటికి నూరుపాళ్లు నిజం. కొత్త లక్కలోని స్పిరిట్ పాత లక్కని కొంచెం కరిగిస్తుంది, రెండూ ఒకే పొర అవుతాయి. ఎనామెల్ ఒకసారి ఆరాక కరగదు, దాని మీద వేసింది వేరే పొరగానే ఉండిపోతుంది. ఇప్పటికే మా అమ్మాయి కుర్చీ లాగి లాగి ఒక కాలికి రెండు చోట్ల పెచ్చులు లేపింది, లోపలి తెల్ల ప్రైమరు మెరుస్తోంది. మిగిలిన రంగు చిన్న సీసాలో పోసి దాచుకున్నాను, పాత బ్రష్షుతో అద్దుతుంటాను. మీద పడి చూస్తే అతుకు కనబడుతుంది.

అందుకే పైపలకకి నేనూ రంగు వేయను. పప్పుగిన్నె దింపే చోటు అది. వేడి గిన్నె అడుగుకి ఎనామెల్ మెత్తబడి అంటుకుంటుంది. ఆ పలక టేకే కాబట్టి దాచాల్సిన పనీ లేదు.

కాళ్లకి రంగు వేయడం నాలుగు గంటల పని అనుకున్నాను. నాలుగు ఆదివారాలు పట్టింది. తప్పంతా నాదే, జులైలో మొదలుపెట్టాను. ప్రైమరు సరిగానే ఆరింది. పగుళ్లలో లప్పం నింపి రుద్దడం కూడా బాగానే అయింది. మొదటి పూత ఎనామెల్ పొద్దున్న వేశాను. సాయంత్రానికి వేలు పెట్టి చూస్తే అంటలేదు, ఆరిందనుకుని రెండో పూత, అదీ కొంచెం ధారాళంగానే, పట్టించాను. తెల్లారి చూస్తే గాడుల దగ్గర రంగంతా కాచి చల్లార్చిన పాల మీద మీగడలా ముడతలు పడి ఉంది. వేలితో తోస్తే పొర జరిగింది. పైపొర ముందు ఆరి బిగుసుకుపోతే లోపలి రంగుకి గాలి అందదు. అది మెల్లగా ఆరుతూ పైపొరని లాగుతుంది, ముడత పడుతుంది. వానాకాలం గాలిలో పూతకీ పూతకీ మధ్య ఒక రోజు కాదు, రెండు రోజులు ఆగాలి. కత్తితో గీకి, మళ్లీ 180తో రుద్ది, మొదటికొచ్చాను. మా ఆయన టీ కప్పు పట్టుకుని వచ్చి చూసి, "అత్తయ్య గారికి ఈ ఫొటో పంపొద్దు" అన్నాడు. అంతకన్నా మంచి సలహా ఆ నెలలో ఎవరూ ఇవ్వలేదు.

పైపలక మీద రెండు రకాల మచ్చలు. తెల్లటి ఉంగరాలు అయిదారు, నల్లటిది ఒకటి. తెల్లవి వేడి గిన్నెలవి. లక్క వేడికి మెత్తబడి గిన్నె కింది ఆవిరిని పట్టేసుకుంటుంది, ఆ తేమ తెల్లగా కనబడుతుంది. అది పాలిష్‌లోని మచ్చే, సాండింగ్‌తో పాలిష్ పోగానే అదీ పోయింది. నల్లది మాత్రం చెక్కలోనే ఉంది. ఎవరో తడి ఇనుప మూకుడు రాత్రంతా వదిలేసి ఉంటారు. ఇనుమూ నీళ్లూ చెక్కలోని టానినూ కలిస్తే సిరా తయారవుతుంది, నిజంగానే పాతకాలపు సిరా అలాగే చేసేవారు. రుద్దితే పోదు. మొజాయిక్ గచ్చుకి పాలిష్ పట్టేవాళ్లు వాడే ఆక్జాలిక్ ఆమ్లం గోరువెచ్చటి నీళ్లలో కలిపి పూస్తే ఆ నలుపు విరిగింది. మచ్చ మీద మాత్రమే పూయకూడదు, మొత్తం పలకకి పూయాలి, లేకపోతే నల్ల మచ్చ పోయి తెల్ల మచ్చ మిగులుతుంది. అది విషం. చేతికి గ్లవ్స్ వేసుకుని, పిల్లని మా ఆయనతో పార్కుకి పంపించి చేశాను. నీళ్లతో నాలుగుసార్లు కడిగి రెండు రోజులు ఆరబెట్టాను.

ఇప్పుడు నేను ఒప్పుకోవాల్సింది ఒకటుంది. స్టెయిన్ అబద్ధం చెబుతుందని ఇంత రాశాక, పైపలకకి నేనే స్టెయిన్ వేశాను. అయిదు పలకల్లో ఒకదానికి అంచున రెండంగుళాల మేర చేవ లేదు. టేకు మాను లోపలి చేవ బంగారు వన్నెలో ఉంటుంది, చుట్టూ ఉండే తెల్లచెక్క పాలిపోయినట్టుంటుంది. బల్ల మధ్యలో ఆ పట్టీ పాపిట తీసినట్టు కనబడుతోంది. వాల్‌నట్ స్టెయిన్‌ని పల్చన చేసి, ఆ పట్టీకి రెండుసార్లు, మిగతాదానికి ఒక్కసారి తుడిచాను. ఇది వేషం కాదా అంటే, కొంచెం వేషమే. తెల్లచెక్కా టేకే కదా, ఒకే మాను కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ సర్దుబాటు మేస్త్రికి చెప్తే పెదవి విరిచారు, ఎటూ తేల్చలేదు.

స్టెయిన్ తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. అందులో అవిసె నూనె ఉంటే ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. నేను గ్రిల్ మీద విడివిడిగా ఆరేశాను.

స్టెయిన్ అంతా సమంగా పట్టింది, ఒక్క చోట తప్ప. పొడుగు వైపు, మధ్య కుర్చీ ముందు, కంచం పెట్టే చోటికి కుడి పక్కన అరచేతి పొడుగున నెలవంకలా ఒక మచ్చ. స్టెయిన్ అక్కడ దిగనే లేదు, చుట్టూ ముదిరిపోయి అది లేతగా ఉండిపోయింది. థిన్నరుతో తుడిచాను, మళ్లీ రుద్దాను, మళ్లీ వేశాను. అంతే. వంగి వాసన చూస్తే చాలా సన్నగా, కమ్మగా నెయ్యి వాసన. ఎన్నేళ్లో ఎవరో ఆ కుర్చీలోనే కూర్చుని, నేతి గిన్నె అక్కడే పెట్టుకుని, చెంచా అక్కడే ఆనించి తిన్నారు. పాలిష్ పొర అరిగిపోయేదాకా తిన్నారు. ఇంకా లోతుగా రుద్దితే పోతుందన్నారు మేస్త్రి. వద్దన్నాను.

టేకులో సహజంగానే నూనె ఉంటుంది కాబట్టి పై పూతకి ముందు ఇంకోసారి థిన్నరుతో తుడవాలి, లేకపోతే పీయూ, అంటే పాలీయురెథేన్ పూత, సరిగా ఆరదు. మెరుపు లేని రకం, మూడు పూతలు, మధ్యమధ్య 320తో తేలిగ్గా రుద్దడం. నేతి మచ్చ మీద పీయూ ఆరడానికి మిగతా బల్ల కన్నా ఒక రోజు ఎక్కువ తీసుకుంది. సామానుకి నాకైన ఖర్చు 4,200. మేస్త్రి మొత్తం లక్క పాలిష్‌కి 9,000 అడిగారు మొదట్లో. నా ఆదివారాలకి లెక్క కడితే ఆయనదే చవక.

దసరాకి అమ్మ వచ్చింది. సంచీ దించకుండానే బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. కాళ్ల వైపు చూసి, "నా గద్వాల చీర అంచు ఇదే రంగు" అంది. అది మెచ్చుకోలో కాదో తెలియలేదు. పలక మీద చెయ్యి వేసి నిమిరింది. తిరిగి తిరిగి సరిగ్గా ఆ నెలవంక ముందే కూర్చుని, "ఇక్కడ మచ్చ పోలేదేం?" అంది. నెయ్యి అని చెప్పాను. "మంచి నెయ్యి అయ్యుంటుంది" అని, సంచీ ఒళ్లో పెట్టుకుని, చుట్టచుట్టిన ప్లాస్టిక్ షీటు బయటికి తీసింది. గులాబీ పువ్వులది. సరిగ్గా అయిదు బై మూడు.